గురవమ్మ అడిగిన మాట

విజయవాడ

ప్రియమైన సఫూరాకి,

నేను బతికే ఉన్నానని ఓడ కంపెనీవాళ్ళు చెప్పే ఉంటారు. విజయవాడ వచ్చి వారం దాటింది. ఫోన్ చేయలేదని కోపం తెచ్చుకోకు.

మాది యుద్ధ ఓడ కాదు. మేం పనికి పోయిన దేశంలో దీవుల మధ్య జనాన్ని దాటించే ఓడ. సంతకు వెళ్ళేవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు ఎక్కేవాళ్ళు. నేనూ, మన వీధి గురవమ్మత్త కొడుకు అంజీ వంటగదిలో టీ కాస్తుండగా, అక్కడి యుద్ధంలో ఓ జలాంతర్గామి మా ఓడను పేల్చి ముంచేసింది. వార్త పాకిందేమో, నీళ్ళ మీద తేలుతున్నవాళ్ళ జేబుల్లో ఫోన్లు మోగాయి. ఎత్తేవాళ్ళు లేరు. ఇప్పుడు పక్కగదిలో ఫోన్ మోగినా నాకు వణుకొస్తోంది. డాక్టరమ్మ ఉత్తరాలు రాసుకోమంది.

మొన్న మన ఊరికి బయలుదేరాను. వారధి మీద కృష్ణ నీళ్ళు కనపడగానే బస్సు ఆపించి దిగిపోయాను. కొన్నాళ్ళు ఇక్కడే ఉండనీ. నువ్వు రావద్దు.

నీ
షానవాజ్

దాచేపల్లి

ప్రియమైన మీకు,

రావద్దన్నారని ఆగాను. అన్నం తింటున్నారా?

గురవమ్మత్త రోజూ వస్తోంది. అంజి గల్లంతయ్యాడని మాత్రమే కంపెనీ చెప్పింది. "గల్లంతంటే పోయినట్టు కాదుగా అమ్మాయ్? ఏదో ఒడ్డున ఉండుంటాడు" అంటోంది. అంజి మంచానికి కొత్త నవారు అల్లించింది. మిరపకోతలకి కూలీలొచ్చినా చేలోకి పోవటం లేదు. "వాడొచ్చి తలుపు కొడితే ఎవరు తీస్తారే?" అంటోంది.

మీరు అంజిని చూశారా? చూసుంటే నాకొక్కదానికైనా చెప్పండి. అత్తకేం చెప్పాలో ఇద్దరం ఆలోచిద్దాం.

మీ
సఫూరా

విజయవాడ

ప్రియమైన సఫూరా,

చాలా రోజులు జవాబు రాయలేకపోయాను. నీళ్ళంటే భయం నిజమే. కళ్ళు మూసుకునైనా వారధి దాటేవాణ్ణి. గురవమ్మత్త ఎదురుపడితే ఏం చెప్పాలో తెలియకే ఆగిపోయాను.

అంజి పోయాడు. నా పక్కనే పోయాడు.

ఇద్దరం ఒక బల్లచెక్క పట్టుకున్నాం. వాడికి కడుపులో దెబ్బ తగిలింది. "ఒరేయ్ షానూ, చలేస్తోందిరా. ఏదన్నా మాట్లాడరా" అన్నాడు. బడి ఎగ్గొట్టి తిరిగిన రోజుల గురించి చెప్పాను. నవ్వాడు. "అమ్మ కాయలు ఆరబోసుంటది. వానొస్తే ఎట్లారా?" అన్నాడు. తర్వాత పలకలేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

కొట్టుకుపోకుండా నా బెల్టుతో వాణ్ణి నా నడుముకు కట్టుకున్నాను. అత్తకు ముఖమైనా చూపించాలనుకున్నాను. సాయంత్రానికి చిన్న పడవొచ్చింది. అందులో చోటు ఊపిరున్నవాళ్ళకే. నేను వద్దని అరుస్తున్నా బెల్టు కోసేశారు. వాడు వెల్లకిలా తేలుతూ పడవ వెనకే కాస్త దూరం వచ్చాడు.

ఇప్పుడూ వస్తున్నాడు, సఫూరా. వీధిలో నడిచేటప్పుడు నేను వెనక్కి తిరగను.

నీ
షానవాజ్

దాచేపల్లి

ప్రియమైన మీకు,

ఆలోచించే వ్యవధి దొరకలేదు. మీ ఉత్తరం చదివి నేను ఏడుస్తుంటే గురవమ్మత్త గుమ్మంలో నిలబడి ఉంది. "పైకి చదవవే" అంది. ఏదీ దాచకుండా చదివాను.

అత్త కడదాకా వింది. బెల్టుతో కట్టుకున్న మాట మళ్ళీ చదివించుకుంది. "నా కొడుకు ఒంటరిగా పోలేదన్నమాట" అంది. అప్పుడు నా ఒళ్ళో పడి ఏడ్చింది. వీధంతా పోగైంది.

కర్మ మీరొచ్చాకే చేయిస్తుందట. "వాడికి తోడబుట్టినవాళ్ళు లేరు. షానూ దగ్గరుండాలి" అని పంతులుగారితో గట్టిగా చెప్పింది.

మిమ్మల్ని తీసుకురావటానికి రేపు ఇద్దరం బయలుదేరుతున్నాం. ఎక్కడికీ వెళ్ళిపోకండి.

ఇందాక సంచి సర్దుకుంటూ అత్త ఉన్నట్టుండి ఆగింది. "పడవలోకి లాగాక షానూకి ఎవరన్నా దుప్పటి కప్పారంటనా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. తనే మిమ్మల్ని అడుగుతుందట.

మీ
సఫూరా