పొగ తగలని తుట్టె

రఘునాథపల్లి,
18-11-1969.

గౌరవనీయులైన పానకాలు సారుకు,

మీ పక్కింటి సోమనర్సయ్య చేతులు జోడించి రాసేది. ఇక్కడ మేమంతా కులాసా. మంగళగిరిలో మీరూ, అమ్మగారూ కులాసా అని నమ్ముతాను. మీరు వదిలిపోయిన రెండు తేనె పెట్టెలూ బాగున్నాయి. ముందు అది చెప్పకపోతే మీరు మిగతా ఉత్తరం చదవరు.

కుంకుడు పూత మొదలైంది. పెరటి గోడ పొడవునా ఒకటే రొద. నమిలి తినే తుట్టెలో ఇనుప తీగ ఉండకూడదని మీరు నేర్పినట్టే పెట్టె పైఅరలో తీగ లేని చట్రాలు పెట్టాను. ఈగలు గదులన్నిటికీ తెల్లటి మూతలు వేసేదాకా ఆగి, మొన్న పొద్దున కోశాను. పొగ పెట్టలేదు. మైనానికి పట్టిన పొగ వాసన ఎన్నటికీ వదలదని మొదటి ఏడు నన్ను తిట్టారు కదా. అందుకు ముఖమంతా ఈగలతో కుట్టించుకున్నాను. మా ఇంటిది అండాలు, "సారు ఉంటె గిట్ల కానిస్తుండెనా, నీకేం తెల్వది" అంటూ పసుపు రాసింది. రాస్తూనే ఏడ్చింది. అమ్మగారితో గోడ మీదుగా కూర గిన్నెలు మార్చుకున్న మనిషి, ఇప్పుడు ఆ వైపే చూడదు.

మీరున్న ఇల్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. బడి తెరిచారు గానీ మీ తర్వాత లెక్కలు చెప్పేవాళ్లు లేరు. మా రాష్ట్రం మాకు కావాలని నేను ఇప్పటికీ అంటాను సారూ. మీ ముందూ అన్నాను, మీరు నవ్వి, అడగడంలో తప్పేముందండీ అన్నారు. మీరు పోవాలని మాత్రం నేను కోరుకోలేదు.

జూన్‌లో, వారంలో ఊరు విడవకపోతే ప్రాణాలు దక్కవని మీ తలుపు మీద కాగితం అంటించింది ఎవరని పోయిన ఉత్తరంలో అడిగారు. అది తెలిస్తే తిరిగి వచ్చే సంగతి ఆలోచిస్తానన్నారు. చాలామందిని అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు.

ఈ తుట్టె ముక్కను డోర్నకల్ స్టేషన్‌లో పనిచేసే మీ పాత శిష్యుడు హరిలాల్‌తో పంపుతున్నాను. "గిన్నె వంగకుంట ఒళ్లె పెట్టుకొని పోత" అన్నాడు. అమ్మగారిని మైనంతో సహా నమలమనండి.

ఇట్లు,
మీ సోమనర్సయ్య

తా.క.: మడిచిన ఉత్తరం మళ్లీ విప్పాను. ఆ కాగితం రాసింది నేనే, ఎడమచేత్తో. ముందురోజు నలుగురు మా ఇంటికొచ్చి, "గా సారును నువ్వు పంపుతవా, మేం పంపాల్నా" అన్నారు. మీ మంచికే చేశానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నన్ను మీ మనిషి అంటారని భయపడ్డాను. మీరిద్దరూ ఇంట్లో లేనప్పుడు అంటించాను. ఇంట్లో జిగురు లేదు, చేతికి మైనం దొరికింది. సాయంత్రం మీరు దాన్ని గోటితో గీకి వాసన చూశారు. ఈ ఊళ్లో మన రెండిళ్లలో తప్ప తేనె మైనం ఎక్కడుంది సారూ? గోడ ఇవతల నిలబడ్డ నన్ను చూశారు. తుట్టె కోసేటప్పుడు పొగ పెట్టకయ్యా అని మాత్రం చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

పెట్టలేదు సారూ.