గంటకో గ్లాసు

అత్తయ్యా, మిమ్మల్ని లేపడం ఇష్టంలేక రాసి పెడుతున్నాను. మీ అబ్బాయికి చెప్పినా గోడకి చెప్పినా ఒకటే. మీ సంచి పక్కజేబులో ఖాళీ బాటిల్ ఉంది. సెక్యూరిటీ దాటాక నింపుకోండి, ముందే నింపితే పారబోయిస్తారు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది. దాహం వేసేదాకా ఆగకుండా గంటకో గ్లాసు చొప్పున కొంచెం కొంచెంగా తాగండి. కాఫీ ఆ లెక్కలోకి రాదు.

పోయినసారి విమానం బాత్రూమ్ చప్పుడుకి భయపడి పొద్దుటినుంచీ నోరు తడుపుకోలేదు మీరు. దిగాక కళ్ళు తిరిగితే, మీ అమ్మాయితో "మా కోడలు గుక్కెడు నీళ్ళన్నా ఇచ్చి పంపలేదు" అన్నారట. వదిన ఫోన్ చేసి మరీ నాకు నీళ్ళ విలువ వివరించింది.

ఈసారి బాత్రూమ్‌కి దగ్గరగా, నడవ పక్క సీటు తీసుకున్నాను. ఎవర్నీ లేపక్కర్లేదు. మూత వేసి మీట నొక్కితే అంత చప్పుడు రాదు.

అన్నట్టు, డ్యూటీ మార్పించుకున్నాను. మీ విమానంలో నీళ్ళ బండి తోసుకుంటూ వచ్చేది నేనే. గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా పక్కనే నిలబడతాను. వదినకి ఈసారి ఏం చెప్తారో ఇప్పటినుంచే ఆలోచించుకోండి.