ఆకుపచ్చ బ్యాండు

లూకన్, డబ్లిన్
జూలై 2016

ప్రియమైన పుష్పవతికి,

ముందుగా నా తెలుగుకు క్షమాపణ. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో హిందీ చదువు చదివి, రాత్రి కళాశాలలో ఇంగ్లీషున పట్టా పుచ్చుకున్నవాణ్ణి. నాకున్న తెలుగంతా మా అమ్మ చదివించిన బైబిలులోనిదే. తప్పులుంటే దిద్దుకుని చదువు. నవ్వు వస్తే మాత్రం మీ అన్నయ్య ముందు నవ్వకు.

ప్రభువు కృప వలన నేనూ మన నిస్సీ ఆరోగ్యంగా ఉన్నాము. నీవు అక్కడికి వెళ్లాక మీ అమ్మగారు కర్ర సాయం లేకుండా నడుస్తున్నారని విని సంతోషించాను. ఫోనుండగా ఉత్తరమెందుకని నీకనిపించవచ్చు. ఈ ఇంటి గోడలు నీకు తెలుసు. నేను మాట్లాడే ప్రతి మాటా పక్కగదిలో నిస్సీకి వినిపిస్తుంది. ఇంతవరకు వ్రాసేలోపే రెండుమార్లు లేచి వంటగదిలోకి వెళ్లి, ఎందుకు వెళ్లానో తెలియక తిరిగి వచ్చాను.

పచ్చడి పార్శిలులో నీవు పెట్టిన చీటీకి జవాబులు. నిస్సీ దగ్గు తగ్గింది, డాక్టరు వద్దకు వెళ్లనక్కరలేకపోయింది. చెర్రీవుడ్‌ ఆఫీసు భవనంలో మా కంపెనీ ఇంకో అంతస్తు తీసుకుంది. వారం వారం కొత్త కుర్రాళ్లు వస్తున్నారు, వచ్చిన రోజే నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. నాకింకా అలవాటు కాలేదు.

"ఆటకు తీసుకెళ్లారా, మళ్లీ జేబు కుట్టేసుకున్నారా?" అని అడిగావు. తీసుకెళ్లాను. మా కంపెనీ ఉద్యోగుల కుటుంబాల కోసం పార్కులో పెట్టిన బేస్‌బాల్ ఆట అది. పొదుపు కూడా పద్ధతిగానే చేశాను. పార్కింగు రుసుము లేకుండా కారు ఇంటి వద్ద ఉంచి బస్సెక్కాము. కుర్చీ అద్దెకు తీసుకోక దుప్పటి పరిచాము. వ్యాను దగ్గర సాసేజి రొట్టె ధర చూసి, మన డబ్బాలోని పులిహోర, ఉడికించిన గుడ్లు మరింత రుచిగా తిన్నాను. నిస్సీ టోపీల బల్ల వైపు చూసింది.

"ఎండే లేదు కదమ్మా, టోపీ ఎందుకు?" అన్నాను.

"ఎండకి కాదు డాడీ, స్టైల్‌కి," అంది.

ఇదంతా ఆ సాయంత్రమే మీ అన్నయ్య స్తెఫనుకు ఫోనులో గొప్పగా చెప్పాను. గేటు దగ్గరి సంగతి కూడా చెప్పాను, ఇద్దరమూ నవ్వుకున్నాము. నీకు మాత్రం చెప్పలేదు.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు సగం టికెట్టు. ఏలూరు బస్సులో ఎంత పొడుగు పిల్లనైనా మోకాళ్లు ముడుచుకోమని అర టికెట్టు అడగడం తప్పని మనలో ఎవరనుకున్నారు? గేటు దగ్గరి ఆవిడ వయసు అడిగితే పదకొండు అన్నాను.

"డాడీ, ఐమ్ ఫోర్టీన్," అని నిస్సీ గొణిగింది.

"ఊరుకో. మీ అమ్మమ్మలా పొట్టిదానివేగా నువ్వు, ఎవరు కొలుస్తారు?"

నా చేతికి పెద్దల ఎర్ర బ్యాండు, దాని చేతికి పిల్లల ఆకుపచ్చ బ్యాండు చుట్టారు.

ఆట మధ్యలో మైకులో పిలుపు వినిపించింది. ఆకుపచ్చ బ్యాండు పిల్లలందరూ మైదానంలోకి వచ్చి నాలుగు మూలల్లోని బేసులూ చుట్టి పరుగెత్తాలట. ఈ ఆటలో పిల్లలకది ఒక ముచ్చట. వాలంటీరు కుర్రాడొకడు నిస్సీ మణికట్టు చూసి, "రా, నువ్వూ ఉన్నావు," అన్నాడు. కంచె పక్కన దాని తరగతి అమ్మాయిలిద్దరు నిలబడి ఉన్నారు. నిస్సీ నా వైపు చూసింది. దీనికి పద్నాలుగని నేనొక్క మాట అంటే సరిపోయేది. మా పై అధికారి కుటుంబం మా ముందే కూర్చుని ఉంది. నేను తలవంచుకుని పులిహోర డబ్బా మూత బిగిస్తూ ఉండిపోయాను.

అది లేచి వెళ్లింది. తన భుజం దాకా రాని పిల్లల మధ్య, ఎవరినీ దాటిపోకుండా మెల్లగా పరుగెత్తింది. ఒక బుడతడు పడితే లేపి, చేయి పట్టుకుని చివరి బేసు దాకా తీసుకెళ్లింది. కంచె పక్కన అమ్మాయిలు నవ్వారు. తిరిగి వచ్చి కూర్చున్నాక, అలసిపోయావా అని అడిగాను.

"ఐమ్ గ్రాండ్, డాడీ," అని ఇక్కడివాళ్ల మాటలో, బాగానే ఉన్నానంది. అప్పటి నుండి అవసరానికి తప్ప నాతో మాట్లాడటం లేదు.

ఆ గేటు ఆవిడ మా ఆఫీసులోనే పని చేస్తుంది. వెళ్లి నిజం చెప్పి మిగిలిన సగం ఇవ్వబోయాను. ఆవిడ నవ్వి, పరవాలేదని తీసుకోలేదు. ఆ నాణేలు ఇంకా కోటు జేబులోనే ఉన్నాయి, నడిచినప్పుడల్లా మోగుతున్నాయి.

నిస్సీ ఆ బ్యాండు ఇంతవరకు తీయలేదు. నీటికి చిరగని కాగితం అది, రంగు మాత్రం వెలిసింది. నిన్న కత్తెర తెచ్చి దాని కంచం పక్కన పెట్టాను. అన్నం తిని, కంచం కడిగి, కత్తెరను మళ్లీ అలమరలో పెట్టేసింది.

దానికి తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. అందుచేత నీవు చదివాక దానికి ఫోను చేసి, మొదటి నుండి చివరి దాకా చదివి వినిపించు. మూత బిగించిన చోట ఆపవద్దు, మెత్తబరచవద్దు. ఆ సమయానికి నేను వాకిట మెట్టు మీద కూర్చుంటాను; తలుపు తీసే ఉంచుతాను. ఆ తరువాతనే ఈ ఉత్తరం స్తెఫను బావగారికి ఇవ్వు. మేము నవ్వుకున్నంత వరకే ఆయనకు తెలుసు.

ఇట్లు,
నీ భర్త, పద్నాలుగేళ్ల నిస్సీకి తండ్రి,
కృపారావు