ముట్టె మీద బొట్టు

గుంటూరు,
21 అక్టోబర్ 2024.

పూజ్యులు పానకాలు మామయ్య గారికి,

మేనకోడలు ఉదయశ్రీ నమస్కారాలు. అత్తయ్యకు మాత్రం నా నమస్కారాలు చెప్పవద్దు, ఈ ఉత్తరం వచ్చినట్టే ఆమెకు తెలియకూడదు. మీరంతా క్షేమమని తలుస్తాను. నేను క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఫోన్లుండగా ఉత్తరమేమిటని అనుకుంటారు. మీకు ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి వీధంతా వినేలా మాట్లాడతారు. ఇది మీరొక్కరే పొలంలో కూర్చుని చదవాలి.

పత్తి మొదటి తీత మొదలైందని, మిరప తోటకు ముడత తగిలిందని అమ్మ చెప్పింది. ఇక్కడ వాన వదలడం లేదు. నాకు ఉద్యోగం ఉంది, జీతం వస్తోంది. ఇంతకన్నా కబుర్లు పొడిగించలేను మామయ్యా. మీ దొడ్లో ఇప్పుడున్న గిత్త మన సింగడు కాదు.

నా పనేమిటో ఎండాకాలంలో వచ్చినప్పుడు చెప్పాను. ఫొటోలో గీతలు, మూలలు, మచ్చలు వెతికి, అవే ఇంకో ఫొటోలో ఎక్కడున్నాయో పోల్చి చూపించే ప్రోగ్రాములను కొందరు రాసి, ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా వదిలేస్తారు. అలాంటి కట్టను లైబ్రరీ అంటారు. మన వేలిముద్రల్లాగే పశువు ముక్కు చివరి ముట్టె మీది గీతలు కూడా దేనివి దానికే. వాటితో పశువును గుర్తుపట్టడానికి ఒక లైబ్రరీ పనికొస్తుందో లేదో పరీక్షించి రిపోర్టు ఇవ్వమన్నారు ఆఫీసులో. అందుకే మీ దొడ్డికొచ్చి సింగడి ముట్టెకు ఫొటోలు తీసుకున్నాను.

అప్పుడు అత్తయ్య వాడి నుదుట బొట్టు పెట్టబోయి ఆగింది. "ఫొటోలో పడేది ముట్టే అంటివి గదే, దిష్టి తగిలేదీ దానికే" అని, తడి తుడిచి, సింగరాయకొండ తిరునాళ్లలో కొన్న ఇత్తడి అచ్చును కాటుకలో అద్ది ముట్టె మధ్యన పువ్వు బొట్టు వేసింది. మీరు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత నేను సరదాగా వాణ్ణి కాడికి కుడి పక్కకు తోలబోతే, "వాడు దాపటోడే పిల్లా, ఎడమ పక్కే. ఎలపట చచ్చినా నడవడు" అని పగ్గం లాక్కున్నారు.

ఆషాఢంలో సింగణ్ణి ఎవరో తోలుకుపోయారు. అత్తయ్య అన్నం మానేసింది. రెండు నెలల తర్వాత, పక్క ఊరి గురవమ్మ గారు గిట్టలకు నాడాలు కొట్టించడానికి సంతకు తెచ్చిన జతలో ఒక గిత్తను చూసి, అత్తయ్య దాని మెడ కావలించుకుని ఏడ్చింది. అది తన ఇంట పుట్టిన దూడేనని గురవమ్మ గారు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. మీరు అవుననలేదు, కాదనలేదు. మన ఊళ్లో పంచాయితీ పెట్టారు. "పానకాలు మేనకోడలి కంప్యూటర్ ఉంది గదా, దానికి నీ ఊరు నా ఊరు అనేది లేదు" అన్నారు పెద్దమనుషులు.

నాకు ఫొటో వచ్చింది. ముట్టె మీద అదే పువ్వు బొట్టు. సంబరంలో అత్తయ్య మళ్లీ వేసిందని అర్థమై ముచ్చటపడ్డాను కూడా. లైబ్రరీకి ఇస్తే పోలిక చాలా ఎక్కువ చూపించింది. అవతల ఫోన్లో అందరూ కాచుకుని ఉన్నారు. మన సింగడే అన్నాను. "మా పిల్ల మిషను అబద్ధం చెప్పదు" అని మీరు పదిమందిలో అన్నారట. గిత్తను మీకే అప్పగించారు.

ఆ పోలిక దేన్ని చూసి చెప్పిందో నేను చూడలేదు. మొన్న రిపోర్టు కోసం రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి, ఏ చోటు ఏ చోటుతో కలిసిందో గీతలు గీయించాను. గీతలన్నీ ఆ పువ్వు మీదికే పోయాయి, రేకు నుంచి రేకుకు. బొట్టును కప్పేసి మళ్లీ పోలిస్తే ఏమీ కలవలేదు. లైబ్రరీ తప్పు చెప్పలేదు మామయ్యా. రెండు ఫొటోల్లోనూ ఒకటే అచ్చు ఉందని చెప్పింది. గిత్త ఒకటేనని చెప్పింది నేను.

గురవమ్మ గారి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. "ఇప్పుడు చెప్పి ఏం లాభమమ్మా? ఒంటెద్దుతో గుంటక ఎట్టా తోలేది? దసరా దాకా చూసి రెండోదాన్ని అమ్మేశా. జోడు కోసం అరుస్తానే లారీ ఎక్కింది" అన్నారు. ఆ లారీలు ఎక్కడికి పోతాయో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

గిత్తను తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చినా ఆవిడ జత మళ్లీ జత కాదు. సింగడు రాడు. అత్తయ్య మళ్లీ కంచం తోసేస్తుంది. ఎటు తిప్పి చూసినా ఒక్కటీ బాగుపడేలా లేదు. అయినా ఇచ్చేయాలి. నా మాట నమ్మినందుకు ఊళ్లో మీరు తల దించుకోవాలి, అదే నాకు నరకంగా ఉంది. ఏమీ తెలియని మిమ్మల్ని దీంట్లోకి లాగాను. క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు.

మీ మేనకోడలు,
ఉదయశ్రీ

తా.క.: కవరు అంటిస్తుంటే అత్తయ్య వాట్సాప్‌లో వీడియో పంపింది. మన సింగడు ఎంత బుద్ధిగా గుంటక లాగుతున్నాడో చూడమని రాసింది. చూశాను. మీరు ఆ గిత్తను ఎలపట, కుడి పక్కన కట్టారు. ఏ బెదురూ లేకుండా నడుస్తోంది. దానికి చోటివ్వడానికి మన పాత ఎద్దును దాపటకు మార్చారు, అది అడుగడుక్కీ తడబడుతోంది. తెచ్చిన మర్నాడే కాడి కట్టారని అత్తయ్య అప్పుడే చెప్పింది. అంటే ఆ రోజే మీకు తెలిసిపోయింది. నా మాట పోకూడదనో, అత్తయ్య మళ్లీ అన్నం తింటోందనో ఇన్నాళ్లూ నోరు మెదపలేదు. మీరు కాడి కట్టిన రోజున గురవమ్మ గారి రెండో ఎద్దు ఇంకా ఆవిడ దొడ్లోనే ఉంది మామయ్యా.