బొమ్మ ఉండే పక్క

ఆదివారం.

నా వార్తల కత్తిరింపులు అంటించుకోవడానికి పడకగది మూలన బల్ల వేసి, కత్తెరకూ జిగురుకూ చోటు చూడటంతోనే పొద్దు గడిచింది. సాయం చేస్తానని మా అమ్మాయి కూర్చుంది. నేను టీ తాగి వచ్చేలోపు, ఎన్నూరు రేవు జాలర్ల మీద నేను తెలుగులో రాసిన వార్తను ఆల్బమ్‌లో బోర్లా అంటించేసింది. పైకి చీరల ప్రకటన కనిపిస్తోంది. నా దగ్గరున్న కాపీ అదొక్కటే.

"ఏందే ఇది?"

"బొమ్ముండే పక్కే కదా నైనా పైకి వచ్చేట్టు అంటించేది? ఆ పక్కంతా వట్టి అక్షరాలే!"

బడిలో దానికి తమిళం, ఇంగ్లీషే; తెలుగు చదవడం రాదు. తడిగుడ్డ అద్ది లాగితే వార్త ముక్కలైంది, అరిచాను. ఇంట్లో నేను తప్ప ఎవరూ చదవలేనివాటికి ఇంత సర్దుడెందుకో.

జిగురంటని మూల ఒక్కటి మిగిలింది. దాని మీద వేలు పెట్టి, "ఈడ ఏముండాది నైనా?" అంది.

నా పేరు.