మొక్కు కోడికి ఏడు కుట్లు

యలహంక
ఆదివారం

పెద్దక్క పాదాలకు దండం పెట్టి తమ్ముడు నారాయణప్ప రాస్తున్నాను. ఇక్కడ నేను, నీ మరదలు సాకమ్మ, నువ్విచ్చిన కోడి, ముగ్గురం ప్రాణాలతో ఉన్నాము. కోడి మాట ముందే రాశాను, ఎందుకంటే బావ ఉత్తరం విప్పగానే నువ్వు అడిగేది దాని గురించే. బావ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నీ దగ్గు తగ్గిందా? అక్కడ వాన పడిందా? ఇక్కడ పది రోజులుగా ఒకటే ముసురు. కొత్త గోడలు తడిపే పని నాకు తప్పింది. వాన మా షెడ్డును కూడా తడుపుతోంది, చెప్పకుండానే.

పోయిన ఏడు నేను కాపలా ఉన్న ఈ కట్టే ఇంటి మెట్ల మీద నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నప్పుడు నువ్వు మారెమ్మకు మొక్కుకున్నావు, వీడు లేచి నడిస్తే ఈ పెట్టనే ఇస్తానని. ఎవరి కోసం మొక్కితే వాళ్లే జాతరకు మేపి తేవాలని దాన్ని బస్సులో నా ఒళ్లో పెట్టి పంపావు. నేను నడుస్తూనే ఉన్నాను. కష్టం కోడికి వచ్చింది.

మూడు వారాల కిందట పొద్దున్నే ఇటుకల వెనక నుంచి ముంగిస వచ్చి దాన్ని పట్టింది. సాకమ్మ పార తీసుకుని పరిగెత్తేసరికి వదిలేసి పోయింది గానీ, కోడికి గొంతు కింద మేత నిలిచే సంచి చీరుకుపోయింది. అది మాత్రం ఏమీ కానట్టు లేచి రాగులు తినడం మొదలుపెట్టింది. తిన్న రాగులు తిన్నట్టే ఆ చీలికలోంచి నేల మీద పడుతున్నాయి. వాటినే మళ్లీ తింటోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదక్కా.

"చూస్తా నిలబడుకుంటే ఎట్లప్పా? అది అమ్మోరి సొత్తు. మీ అక్కకు ఏం చెప్తావు?" అంది సాకమ్మ.

"కుట్టల్ల, తప్పదు" అన్నాను.

"నీ కండ్లకు సూదే కనపడదు, బెజ్జం యాడ కనపడతాది? ఇట్లియ్యి."

దారం ఆమే ఎక్కించింది. కోడిని ఒళ్లో పెట్టుకుని కళ్లకు కొంగు కప్పింది. శెనక్కాయల మూటలు కుట్టిన నా చెయ్యే కదా అని ధైర్యం చేశాను. లోపలి సంచికి మూడు కుట్లు, పైతోలుకు నాలుగు. కోడి గమ్ముగా ఉంది. చెమట పట్టింది నాకే.

ఇక అప్పటి నుంచి దాని చాకిరీ. పసుపు, కొబ్బరి నూనె పూయడం, గంపలో పాత గోనె మార్చడం, పలచటి రాగి జావ చెంచాతో చుక్క చుక్కగా పోయడం, అదీ రోజుకు ఆరుసార్లు. మధ్యలో ఇసుక లారీకి గేటు తియ్యాలి. ఒకరోజు ఓనరు వచ్చి చూశాడు.

"ఏమప్పా నారాయణప్పా, కట్టే మా మనె కాస్తా ఉండావా, కోళ్లకు ఆస్పత్రి పెట్టుకోనుండావా?"

"రెండూ ఒకే జీతానికే సార్" అన్నాను. నవ్వి పోయాడు.

అలిసిపోయానక్కా. ఊర్లో అయితే ఒళ్లు నొప్పులు చెప్పుకోడానికి ఎవరో ఒకరు అరుగు మీద ఉంటారు. ఇక్కడ సాకమ్మ కూడా పక్క ఇంట్లో అంట్ల పనికి పోతుంది. అందుకని కోడితోనే చెప్పుకున్నాను. బాగా వింటుంది. గంప బోర్లించి ఉంటుంది కదా, ఎక్కడికి పోతుంది?

పన్నెండో రోజు జావ చెంచాను పొడిచి అవతలికి తోసింది. గింజలు వేస్తే తినింది, ఒక్కటీ బయటికి రాలేదు. ఇప్పుడు ఇటుకల మీదెక్కి కాకులను తరుముతోంది. పైతోలు కుట్లు తీసేశాను, ఆ చోట ఈకలు కమ్మేశాయి.

నిన్న సాకమ్మ దాన్నే చూస్తూ, "కోసేదానికేనా ఇంత కుట్టింది?" అంది. నేను గంప సర్దుతుంటే మళ్లీ ఆమే అంది:

"కోడికి ఊనం వచ్చిందని మీ అక్కకు రాయి. ఊనమున్నది అమ్మోరికి పనికిరాదు కదా."

అలాగే రాద్దామని కూర్చున్నాను. కానీ వెతికితే మచ్చ కూడా దొరకడం లేదు. నా వైద్యం అంత బాగా కుదిరింది, ఏం చెయ్యను? నీకు అబద్ధం చెప్పలేననీ కాదు. నడుము పూర్తిగా తగ్గిందని పోయిన ఉత్తరంలో రాయలేదా? అది నీ వరకే. ఈ అబద్ధమైతే నువ్వు తీసుకుపోయి అమ్మవారి ముందర చెప్తావు.

అక్కా, మొక్కింది నువ్వు. విడిపించగలిగేదీ నువ్వే. దీని బదులు మంచి పుంజును తెస్తాను, పూజారిని ఒక మాట అడుగు. కుదరదు, ఆ పెట్టే కావాలంటే జాతరకు దాన్నే తెస్తాను, నీ మాట పోనివ్వను. గుడి ముందర దాన్ని పట్టుకోమని మాత్రం నాకు చెప్పొద్దు. మెడ ఎక్కడ పట్టుకుంటే దానికి నొప్పో నాకు తెలుసు.

బావకు నా దండాలు, పిల్లలకు సాకమ్మ ముద్దులు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఉలవలు పంపు. జవాబు త్వరగా రాయించు.

నీ దీవెన కోసం చూసే తమ్ముడు,
నారాయణప్ప