మా మహిళా మండలికి మొదటి వేలిముద్ర

మారేడ్‌పల్లి,
ఆదివారం.

అక్కకు నీ చెల్లెలు రత్నం నమస్కారాలు.

మేమిద్దరం బాగానే ఉన్నాం. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావగారు, పిల్లలు ఎలా ఉన్నారు? మా ఆయనకు బదిలీ అయి ఇక్కడికొచ్చి ఎనిమిది నెలలైనా నాకింకా నీళ్లు పడలేదు, జుట్టు రాలుతోంది. అంతకుమించి నువ్వు బెంగ పెట్టుకోవాల్సిందేమీ లేదు.

పగలంతా ఒక్కదాన్నే ఉండలేక ఇక్కడి మహిళా మండలిలో చేరానన్నాను కదా. బుద్ధి గడ్డి తిని చేరాను! టీచరుగా చేశానని మండలి చరిత్ర రాసే పని నా నెత్తిన పెట్టారు. మండలిని ఎవరు పెట్టారని అడిగితే ముగ్గురు పెద్దావిడలు "నేనే" అన్నారు. ఒకరింట్లో కాఫీ తాగానని ఇంకొకరు అలిగారు. విసుగెత్తిపోయిందక్కా.

చివరికి పాత మినిట్స్ పుస్తకం తిరగేశాను. మొదటి పేజీలోనే ఒక అర్జీ నకలు: కూరగాయల మార్కెట్లో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలని. దాని కింద మొదటి వేలిముద్ర యాదమ్మది. ఆకుకూరలు అమ్మే మనిషి. కాలనీ ఆడవాళ్లను మున్సిపల్ ఆఫీసుకు తీసుకెళ్లింది ఆవిడేనట. పని జరిగాక వాళ్లు మండలి పెట్టుకున్నారు, ఆవిడను మాత్రం చేర్చుకోలేదు.

అదే రాసి చదివితే మా ప్రెసిడెంట్ గారు, "ఆమె మెంబరే కాదు గదమ్మా, తీసెయ్" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "తీసెయ్యనండి, కావాలంటే మీరే రాసుకోండి" అని కాగితాలు అక్కడే పెట్టి వచ్చేశాను.

మర్నాడు యాదమ్మను వెతుక్కుంటూ మార్కెట్‌కు వెళ్లాను. మెంతికూర కట్టలు కడుతోంది. మండలి చరిత్రలో నీ పేరు రాశానని గొప్పగా చెప్పాను.

"పేరెందుకు బిడ్డా? ఆ మరుగుదొడ్డికి తాళమేసి మూన్నెల్లాయె. పొద్దుగాల్నుంచి నీళ్లు సుత తాగకుంట కూసుంటున్నం. జెర ఆ తాళం తీపియ్యరాదు?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ప్రతి వారం అక్కడే కూరలు కొంటూ ఒక్కనాడూ అటు చూడలేదు.

తిరిగొచ్చి ప్రెసిడెంట్ గారికి చెప్పాను. ఆవిడ వెంటనే చెప్పులేసుకుని, "నడు, అందర్నీ పిలువు" అన్నారు. అందరం మున్సిపల్ ఆఫీసుకు వెళితే రేపు రమ్మన్నారు. "రేపటిదాంక ఈడనే కూసుంటం" అని ఆవిడ బెంచీ మీద కూర్చున్నారు. మా ముగ్గురు వ్యవస్థాపకులూ పక్కనే కూర్చున్నారు. సాయంత్రానికి తాళం తీశారు.

అప్పుడు ప్రెసిడెంట్ గారే యాదమ్మను మెంబరుగా చేరమన్నారు.

"మీటింగు ఎప్పుడు? పొద్దున పూట నాకు గిరాకీ ఉంటది."

అంతే, మీటింగు వేళ మార్చాలని కొందరు, వద్దని కొందరు, మళ్లీ కొట్లాట షురూ. నేను మాత్రం యాదమ్మ వైపే.

ఎవరైనా ఇటొస్తుంటే కాస్త గోంగూర పచ్చడి పంపు. అమ్మ కాళ్లకు మొక్కానని చెప్పు. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నువ్వు నన్ను చల్లగా ఉండమని దీవించు, చాలు.

నీ
రత్నం